గొడుగు ఎత్తితే సిగ్నల్ ఉన్నట్టు

వేలెడంత వస్తువు కొనడానికి ఒక మనిషి ఎన్నిసార్లు కొట్టుకు వెళతాడు?

ఒకసారి. మహా అయితే ఇంకోసారి, అది పనిచేయకపోతే గొడవ పెట్టుకోవడానికి. కానీ ఆ ఇంటి కొడుకు వారం నుంచీ పని అవగానే ఇంటికి రాకుండా అటే వెళుతున్నాడు. తిరిగి వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండటం లేదు. మొహంలో మాత్రం ఏదో ఉంటోంది. తల్లికి నచ్చనిది అదే.

ఆవిడ ఇంట్లో కూర్చుని కర్టెన్లు కుట్టి ఇచ్చే మనిషి. చదువు తక్కువ, అనుమానం ఎక్కువ. ఫోను మోగితే ఆస్పత్రి గుర్తొస్తుంది. మోగకపోతే ఇంకా ముందు గుర్తొస్తుంది. అలాంటి తల్లికి పుట్టిన ఒక్కగానొక్క కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అయ్యాడు. రోజంతా చీకటి గుంటల్లో తాళ్ల మధ్య పనిచేసి వచ్చినవాడు సెలవు రోజైనా కుదురుగా ఉంటాడా అంటే అదీ లేదు. థర్మోకోల్‌తో విమానాలు చేసి ఎగరేస్తాడు.

కిందటి నెల ఆ విమానం ఒకటి చెప్పిన మాట వినడం మానేసింది. కొడుకు దాన్ని నడిపే రేడియో చేతిలో పట్టుకుని ఎంత తిప్పినా అది తిరగలేదు. నేరుగా పోయి ఎదురింటి డాబా మీద వాలింది. అక్కడ నర్సమ్మ ఆరేసిన బట్టలు తీస్తోంది. ఆవిడకు ఏమీ కాలేదు. ఆవిడ దుప్పటి మాత్రం, ఆగకుండా తిరుగుతున్న ప్రొపెల్లర్‌కి చుట్టుకుని పీలికలైంది.

"అది దుప్పటి కాబట్టి సరిపోయింది. నర్సమ్మ జడైతే?" అంది తల్లి ఆ రోజు.

"విమానంలో రిసీవర్ చెడిపోయిందమ్మా. నా చేతిలో రేడియో చెప్పే మాటని లోపల వినేది అదే. కొట్టువాళ్లు పనికిరానిది అంటగట్టారు" అన్నాడు కొడుకు.

తల్లి కొత్త దుప్పటి కుట్టి నర్సమ్మకు ఇచ్చింది. విమానాన్ని అటక ఎక్కించింది. తన కళ్లతో చూసి, తన నోటితో సరే అంటే తప్ప అది కిందికి దిగేది లేదని తేల్చి చెప్పింది. కొడుకు సరేనన్నాడు. మంచి రిసీవర్ వెతికి తెస్తానన్నాడు. ఆ వెతుకులాట ఇంకా సాగుతూనే ఉంది.

"ఇవాళ కూడా కొట్టుకేనా?"

"అవునమ్మా. రిసీవర్ చూడాలి."

"నిన్న చూశావుగా."

"నిన్న వేరేది."

"మొన్న?"

"మొన్న దాని గురించి మాట్లాడాం."

"మాట్లాడాం అంటే? ఎవరెవరు?"

కొడుకు బూటు లేసు కట్టుకోవడంలో మునిగిపోయాడు. అంతసేపు పట్టే పని కాదది. పైగా ఇస్త్రీ చొక్కా. గోళ్ల సందుల్లో గ్రీజు లేదు. లిఫ్టుల్లో చేరినప్పటి నుంచీ ఆ గ్రీజు పోగా ఆవిడ చూడలేదు.

వాడు వెళ్లాక భర్త పేపరు దించకుండానే అన్నాడు. "వాడు వెతికేది వేలెడంత వస్తువు కాదనుకుంటాను."

"మరెంత?"

"మనిషంత."

"మీకు అన్నీ వేళాకోళమే" అంది. కానీ కుట్టు మిషను మీద చెయ్యి నడవలేదు. కొట్టులో ఎవరో వాడి చేత ఏదో పెద్దది కొనిపించబోతున్నారు. పనికిరానిది అమ్మి, అది చాలక మాటల్లో పెడుతున్నారు. తన కొడుకు తెలివైనవాడే. కానీ నవ్వుతూ మాట్లాడితే కరిగిపోయే రకం, తండ్రి పోలిక.

మర్నాడు మధ్యాహ్నం, కొడుకు పనిలో ఉండే వేళ చూసుకుని, గొడుగు తీసుకుని బయల్దేరింది. ఆకాశంలో మబ్బు లేదు. అయినా తీసుకుంది.

కొట్టు ఇరుకుగా ఉంది. గోడల నిండా రెక్కలు, చక్రాలు, చిన్న చిన్న మోటార్లు. కౌంటర్ వెనక ఒక అమ్మాయి కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, సన్నటి తీగకు టంకం వేస్తోంది. చూపుడు వేలికి పాత కాలిన మచ్చ. టంకం చల్లారాక తీగను రెండు వేళ్లతో పట్టుకుని గట్టిగా గుంజి చూసింది.

తల్లి అది గమనించింది. తానూ కుట్టు ముగించాక అంచును అలాగే గుంజి చూస్తుంది. అయితే ఏమైంది, దొంగలు కూడా జాగ్రత్తగానే పనిచేస్తారు అనుకుంది.

"ఏం కావాలండీ?"

"మా అబ్బాయికి విమానంలో పెట్టే రిసీవర్. చౌకలో."

"బాబు వయసెంత?"

"చిన్నవాడే" అంది. అది అబద్ధమని ఆవిడకు అనిపించలేదు.

"అయితే బొమ్మ విమానమే చాలేమోనండీ."

"బొమ్మ కాదు. రెక్క ఇంత ఉంటుంది." కర్టెన్ కొలిచినట్టు రెండు చేతులూ చాపింది.

అమ్మాయి కళ్లజోడు పైకి తోసుకుంది. "అంత విమానం ఎక్కడ ఎగరేస్తాడు?"

ఈ ప్రశ్న వస్తుందని తల్లి అనుకోలేదు. "ఇంట్లో" అనేసింది.

"ఇంట్లో." అమ్మాయి మొహంలో నవ్వు పోయింది. సొరుగులోంచి గోరంత రిసీవర్ ఒకటి తీసి కౌంటర్ మీద పెట్టింది. "అన్నిటికంటే చౌక ఇదే. కానీ మీకు అమ్మను."

"డబ్బులిస్తుంటే అమ్మకపోవడమేంటి?"

"దీనికి ఒకటే యాంటెన్నా. గదిలో ఎగిరే చిన్నవాటికి సరిపోతుంది. ఈమధ్య ఒకాయన స్కూలు హాల్లో ఎగరేస్తానని నమ్మబలికి ఇదే పట్టుకెళ్లాడు. తీరా చూస్తే బయట ఎగరేశాడు. ఎవరిదో దుప్పటి చింపి, వచ్చి నా మీద పడ్డాడు, మీ రిసీవర్ దండగ అని. నేను చెప్పిందేంటి, మీరు చేసిందేంటి అని నేనూ గట్టిగానే అడిగాను."

తల్లి రిసీవర్‌ని అందుకుని తిప్పి అడుగు చూస్తున్నదల్లా ఆగిపోయింది.

"హాల్లో అని చెప్పాడా నీకు?"

అమ్మాయి ఆవిడ చేతుల వైపు, తిరగేసి ఉన్న రిసీవర్ వైపు చూసింది.

"మీరు ఆయన అమ్మగారు కదండీ."

"ఎవరి అమ్మని?"

"లిఫ్ట్ మెకానిక్ గారి అమ్మగారు. ఆయన కూడా ఏది ఇచ్చినా ముందు తిప్పి అడుగే చూస్తారు."

ఇక దాచి లాభం లేదు. తల్లి అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. "నాతో మాత్రం కొట్టువాళ్లే పనికిరానిది అంటగట్టారన్నాడు."

"అలా అన్నారా?" అమ్మాయి పెదవి బిగించింది. "రానివ్వండి ఇవాళ."

వాడి మీద కోపం ఇద్దరికీ సమానంగా వచ్చింది. దాంతో తల్లికి ఆ పిల్ల మీద ఉన్న అనుమానం ఒక అంగుళం తగ్గింది. అంగుళమే.

"మరి అంత గొడవయ్యాక రోజూ ఎందుకొస్తున్నాడు?"

"డౌట్లండీ. రోజుకొకటి."

"దీనికి అన్ని డౌట్లుంటాయా?"

"ఉండవండీ. పక్క వీధి కొట్టువాళ్లు రేట్లు కనుక్కురమ్మని పంపారేమో అనుకున్నాను మొదట."

"ఇప్పుడు?"

అమ్మాయి సర్దిన పెట్టెల్నే మళ్లీ సర్దింది. చెవులు ఎర్రబడ్డాయి. "ఇప్పుడు అలా అనుకోవడం లేదు."

తల్లి ఆ చెవుల్ని గుర్తుపెట్టుకుంది. అమ్మాయి మాట మారుస్తూ ఇంకో రిసీవర్ తీసింది. "ఆయనకి ఇది చెప్పానండీ. పేరున్న కంపెనీ కాదు, అందుకే చౌక. కానీ చెవులు రెండు." రెండు సన్నటి తీగలు మీసాల్లా ఉన్నాయి. "ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెడతాం. ఒకదానికి వినపడకపోయినా ఇంకోదానికి వినపడుతుంది."

"అసలు రెండిటికీ వినపడకపోతే?" తల్లికి వచ్చే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే.

అమ్మాయి మొదటిసారి ఆవిడ వైపు ఇష్టంగా చూసింది. "ఈ ప్రశ్న ఎవరూ అడగరండీ. ఎంత దూరం పోతుంది అనే అడుగుతారు."

రెండు రిసీవర్లకూ చెరో చిన్న మోటారు తగిలించింది. వాటికి పుల్లల్లాంటి చేతులున్నాయి. రేడియో మీద పుల్ల కదిపితే ఆ చేతులూ కదిలాయి. ఇవే విమానం తోకని తిప్పుతాయంది. తర్వాత రేడియో ఆపేసింది. చౌకదాని చెయ్యి ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది.

"చూశారా, చివర విన్న మాటే పట్టుకుని కూర్చుంటుంది. ఇంజన్ తిరగమని చెప్పి ఉంటే అలా తిరుగుతూనే పోతుంది. దుప్పటి దొరికేదాకా."

రెండోదాని చెయ్యి మాత్రం దానంతటదే ఎడమకి తిరిగి నిలబడింది.

"మాట వినపడకపోతే ఏం చెయ్యాలో దీనికి ముందే నేర్పిపెడతాం. ముందు ఇంజన్ ఆపు. తోక పూర్తిగా ఎడమకి తిప్పు. అప్పుడు విమానం ఎక్కడికీ పోకుండా గుండ్రంగా తిరుగుతూ అక్కడే దిగుతుంది. అంతేకాదు, విమానం నుంచి తనకు కబురు రాకపోతే రేడియో కూడా అరుస్తుంది."

"ఇలాంటిది మావాడి లోపల కూడా ఒకటి పెట్టడానికవుతుందా?"

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అందమైన నవ్వే. అందుకే తల్లి మళ్లీ జాగ్రత్తపడింది. "చెప్పడానికి అన్నీ బాగానే ఉంటాయి. పనిచేస్తుందని ఏంటి నమ్మకం?"

"నాకూ లేదండీ. చౌకది కదా. దూరం తీసుకెళ్లి చూడందే అమ్మనని ఆయనకి కూడా చెప్పాను. ఆయన ఒక్కరే చూసుకుంటానన్నారు. ఒక్కరే చూసుకుని బాగుందంటే నేను నమ్మను."

"నేనూ నమ్మను" అంది తల్లి.

సెలవు రోజు పొద్దున ముగ్గురూ ఊరి చివర ఆటస్థలానికి వెళ్లారు. గడ్డి తడిగా ఉంది. రాత్రి చినుకు పడ్డట్టుంది. ఇద్దరికీ చెప్పిన రెండు అబద్ధాలూ ఒకే రోజు బయటపడ్డాక కొడుకు వాళ్లు చెప్పిన పని చెప్పినట్టు చేస్తున్నాడు.

విమానం కింద పెట్టగానే అమ్మాయి ముందు ప్రొపెల్లర్ ఊడదీసి జేబులో వేసుకుంది.

"టెస్టుకి అదెందుకు తీయడం? ఇంజన్ ఆన్ చెయ్యంగా" అన్నాడు కొడుకు.

"చెయ్యకుండానే ఆన్ అయితే? పట్టుకునేది మీ అమ్మగారు."

ఆ మాట తల్లి లోపల ఎక్కడో వెళ్లి కూర్చుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చెడు ముందు చూసేది తానొక్కతే అనుకుంది. ఇంట్లో అందరూ దానికి నవ్వుతారు. ఈ పిల్ల నవ్వలేదు సరికదా, తనకంటే ముందే చూసింది.

కొడుకు రేడియో మీద ఒక బటన్ నొక్కాడు. "ఇప్పుడు దీని బలం బాగా తగ్గిపోతుందమ్మా."

"బలం తగ్గించి చూస్తే అది మోసం కాదా?"

"గుసగుసగా పిలిస్తేనే పలికినవాడు అరిస్తే పలకడాండీ?" అంది అమ్మాయి. "మీరు విమానాన్ని నడుం ఎత్తున పట్టుకోండి. మేం దూరం పోతూ తోక కదుపుతాం. కదిలినప్పుడల్లా చెయ్యెత్తండి."

"చెయ్యి దూరానికి ఆనదు. గొడుగు ఎత్తమ్మా" అన్నాడు కొడుకు.

"ఎత్తుతాను గానీ, ఒక్క రేడియో మోయడానికి ఇద్దరెందుకురా?"

"ఒకరు పుల్ల కదపాలి, ఇంకొకరు గొడుగు చూడాలి."

"నీకు కళ్లు లేవా?"

"ఆయన కళ్ల మీద నాకు నమ్మకం లేదండీ" అంది అమ్మాయి. "గొడుగు లేవకపోయినా లేచిందంటారు."

ఇద్దరూ నడవడం మొదలుపెట్టారు. తల్లి ఒక చేత్తో విమానాన్ని ఒడిసిపట్టుకుని, రెండో చేత్తో గొడుగు పట్టుకుని నిలబడింది. గోల్ పోస్ట్ దాటారు. తోక కుడికీ ఎడమకీ ఆడింది. గొడుగు ఎత్తింది. దీపస్తంభం దాటారు. తోక ఆడింది. గొడుగు ఎత్తింది.

మొదట ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఎడం ఉంది. దీపస్తంభం దగ్గర గొడుగు పట్టేంత మిగిలింది. దూరం వల్ల అలా కనిపిస్తోందా, నిజంగానే తగ్గిందా అన్నది ఆవిడకు తేలలేదు. కళ్లు చికిలించి చూసింది. తోక ఆడింది. చూసుకోక గొడుగు ఆలస్యంగా ఎత్తింది.

అవతల ప్రహరీ గోడ దగ్గరికి చేరారు. బొటనవేళ్లంత అయ్యారు. తోక ఒకసారి కుడికి తిరిగి, మధ్యకి వచ్చి ఆగింది.

ఆగిపోయింది. ఇక కదల్లేదు.

అయిపోయింది. అక్కడి నుంచే వినపడటం లేదంటే ఆకాశంలో ఏం వినపడుతుంది. అనుకున్నంతా అయింది. ఇక ఈ విమానం అటక మీదికే. దాంతోపాటే ఈ పిల్ల కూడా. ఆ రెండో మాట ఎందుకు తోచిందో ఆవిడకే తెలియలేదు. తోచాక మాత్రం బాధనిపించింది. వారం కింద ఎవరో తెలియని పిల్ల. జేబులో ప్రొపెల్లర్ వేసుకున్న పిల్ల.

మళ్లీ తోక వైపు చూసింది.

నిటారుగా ఉంది.

మాట వినపడకపోతే అది ఎడమకి తిరగాలి కదా. ఆ అమ్మాయి కొట్టులో చూపించింది కదా. తిరగలేదంటే దీనికి వినపడుతూనే ఉంది. అవతలి నుంచి చెప్పేవాళ్లే ఏమీ చెప్పడం లేదు.

తల్లి మెల్లగా తలెత్తి గోడ వైపు చూసింది. కొడుకు మెడలో రేడియో వేలాడుతోంది. వాడి చేతులు దాని మీద లేవు. అమ్మాయి తల వంచుకుని చెప్పు మొనతో గడ్డి కెలుకుతోంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఒక్కరి మొహమూ ఇటువైపు లేదు.

ఆవిడ గొడుగు ఎత్తింది. ఎవరూ చూడలేదు. ఊపింది. చూడలేదు. గొడుగు విప్పి మరీ ఊపింది. లాభం లేదు.

"ఓహో" అంది విమానంతో.

అది సరే. కొట్టులో చెప్పిన ఆ చివరి సంగతి కూడా ఇప్పుడే చూసేస్తే పోలా అనుకుంది. విమానం కడుపులో బ్యాటరీ తీగ ఉంది. దాన్ని పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

గోడ దగ్గర రేడియో చెవులు చిల్లులు పడేలా కూసింది. ఇద్దరూ కాలికింద నిప్పు పడ్డట్టు ఎగిరి, ఇటు పరుగెత్తుకొచ్చారు. కొడుకు ముందు, కళ్లజోడు పట్టుకుని ఆ అమ్మాయి వెనక.

"ఏమైందమ్మా? కింద పడిందా? నీకేమైనా అయిందా?"

"ఏమీ కాలేదు. అరుస్తుందో లేదో చూశాను. అరిచింది." తల్లి తీరిగ్గా గొడుగు ముడిచింది. "ఏం మాట్లాడుకుంటున్నారక్కడ?"

"రేంజ్ గురించమ్మా."

తల్లి అమ్మాయి వైపు తిరిగింది. అమ్మాయికి రొప్పు ఇంకా తగ్గలేదు. "కాదండీ. నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగారు."

కొడుకు ఆకాశం వైపు చూశాడు, అక్కడ విమానమేదో ఉన్నట్టు.

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదండీ. ఈలోపే రేడియో అరిచింది. అయినా ఒకసారి నాతో అబద్ధం చెప్పిన మనిషి. టెస్ట్ చెయ్యకుండా ఎలా చెప్పను?"

"చెయ్యమ్మా" అంది తల్లి. "ప్రొపెల్లర్ తీసేసి మరీ చెయ్యి."

"అమ్మా" అన్నాడు కొడుకు దీనంగా.

"నువ్వు మాట్లాడకు. హాల్లో ఎగరేస్తానన్న మొహమూ నువ్వూను."

బ్యాటరీ తగిలించారు. అమ్మాయి జేబులోంచి ప్రొపెల్లర్ తీసి బిగించి, గుంజి చూసింది. తల్లి కూడా చెయ్యి చాపి ఒకసారి గుంజి చూసింది. తర్వాత ఇద్దరూ ఒకే అడుగు వెనక్కి వేశారు.

"ఎగరెయ్యనా?" అన్నాడు కొడుకు. తల్లినే అడుగుతున్నాడు. మాటంటే మాటే.

ఆవిడ చుట్టూ చూసింది. డాబాలు లేవు, ఆరేసిన బట్టలు లేవు, నర్సమ్మ లేదు. "సరే" అంది. అన్నాక గొడుగు పిడి గట్టిగా పట్టుకుంది.

విమానం తడిగడ్డి మీంచి లేచి, ఆటస్థలం మీద పెద్ద గుండ్రం చుట్టింది. చెప్పిన చోట తిరిగింది, చెప్పిన చోట వంగింది.

"గాలెక్కువగా లేదూ?" అంది తల్లి.

"అదే చూస్తున్నానండీ. ఆ గోడ వైపు పోకూడదు" అంది అమ్మాయి.

"ఒరేయ్, గోడ వైపు పోనీకు."

"బ్యాటరీ కూడా చూసుకోండి" అంది అమ్మాయి.

ఇన్నేళ్లూ వెనక నుంచి ఒక్క గొంతు వినడానికి అలవాటు పడ్డ కొడుకు, ఇప్పుడు రెండు వినిపించేసరికి మెడ ఇంకాస్త లోపలికి లాక్కున్నాడు. తల్లికి మాత్రం గొడుగు పిడి మీద వేళ్లు కొంచెం సడలాయి. రెండు జతల కళ్లు చూస్తున్నాయి కదా, తాను ఒకసారి రెప్ప వేసినా ఫర్వాలేదనిపించింది.

"అమ్మాయ్" అంది మెల్లగా. "ఇంతకీ జవాబేంటి? నాకు చెప్పు, వాడికి చెప్పను."

అమ్మాయి విమానం మీంచి చూపు తిప్పలేదు. చెవులు మాత్రం మళ్లీ ఎర్రబడ్డాయి.

"దిగాక చెప్తానండీ. ఇప్పుడు చెప్తే ఆయన చెయ్యి వణుకుతుంది."

తల్లి ఒక్క క్షణం ఆ పిల్ల వైపు, మరో క్షణం ఆకాశం వైపు చూసింది. తర్వాత గొడుగు ఎత్తి కొడుకు వీపు మీద పొడిచింది.

"ఒరేయ్, ఇక దించరా."

"ఇప్పుడేగామ్మా ఎగిరింది."

"దించమంటే దించు. మెల్లగా దించు. నీకోసం ఇక్కడ ఒక మాట కాచుకుని ఉంది."